స్పెయినువాళ్ళు ఖాళీ చేసిన తీరం

స్పెయినువాళ్ళని మా దీవి నుంచి తరిమికొట్టే కార్యక్రమం శనివారం ఉదయం తొమ్మిది గంటలకు జరుగుతుందనీ, ప్రజలు గొడుగులు తెచ్చుకోవాలనీ మా మేయర్ తెయోఫిలో బర్సెనాస్ గారు ప్రకటించారు. ముఖ్య అతిథి ఒక విదేశీయుడు. పరాయివాణ్ణి తరమడం చూడ్డానికి పరాయివాణ్ణే పిలిచేంత విశాల హృదయం మా మేయర్ గారికి తప్ప ఎవరికుంటుంది?

నిజానికి 1521లో ఓడల్లో వచ్చిన స్పెయినువాళ్ళని తరిమికొట్టిన ఆ యుద్ధం జరిగింది మా దీవిలో కాదు, వేరే దీవిలో. హైస్కూల్లో చరిత్ర చెప్పేవాణ్ణి గనక ఆ ముక్క విన్నవించుకున్నాను. మేయర్ గారు యుద్ధం మన తీరంలోనే జరిగిందని మున్సిపల్ కౌన్సిల్లో తీర్మానం చేయించారు. కౌన్సిల్ అంటే ఆయన భార్య, బావమరిది, ఇద్దరు కొడుకులు కాబట్టి చర్చ ఎక్కువసేపు సాగలేదు. స్క్రిప్టు రాసి, ఆ రోజు మైకు పట్టుకునే పని నాకు అప్పగించారు.

తీరం సంగతి కూడా చెప్పాలి. అక్కడ జాలర్లు వెదురు స్తంభాల మీద ఇళ్ళు కట్టుకుని తాతల నాటి నుంచి ఉంటున్నారు. ముఖ్య అతిథి గారి కంపెనీ సరిగ్గా ఆ చోటే రిసార్టు కట్టాలని ముచ్చటపడుతోంది. వాళ్ళంతట వాళ్ళు ఖాళీ చేసి వెళితే తప్ప ఆ ఇళ్ళ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని కోర్టు చెప్పింది. కోర్టు మాటంటే మేయర్ గారికి ప్రాణం. ఆ దిగులులో ఉండగానే ఆయనకు చరిత్ర మీద అభిమానం పుట్టుకొచ్చింది.

దీవి నాయకుడి వేషం మేయర్ గారిదే. యోధులంతా మున్సిపల్ సిబ్బంది. స్పెయినువాళ్ళ వేషం వెయ్యడానికి మాత్రం ఊళ్ళో ఒక్కరూ ఒప్పుకోలేదు. అప్పుడు మేయర్ గారు నన్ను వెంటబెట్టుకుని తీరానికి వెళ్ళి, ఆ గౌరవం జాలర్లకే దక్కాలన్నారు. మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంటిపిల్లలు, ఎవరూ ఇంట్లో మిగలకూడదట. స్పెయిను ఓడల్లో చంటిపిల్లలు రాలేదని నేను గొణిగాను.

"రాలేదనడానికి నీ దగ్గర సాక్ష్యం ఉందా మాస్టారూ?" అన్నారాయన.

స్క్రిప్టులో చంటిపిల్లల్ని చేర్చాను.

తీరానికి పెద్దదిక్కు నానాయ్ గుండిన; నానాయ్ అంటే మా దగ్గర అమ్మ అని. చర్చిలో సగం ఊరికి బాప్టిజం నాడు జ్ఞానతల్లిగా నిలబడింది ఆవిడే. ఓడిపోయాక ఎక్కడికి పోవాలని అడిగింది. పడవలెక్కి ఎదురుగా ఉన్న ఇసుక దిబ్బకు పారిపోవాలనీ, అక్కడ కాల్చిన పంది, కొబ్బరాకుల్లో ఉడికించిన అన్నం సిద్ధంగా ఉంటాయనీ మేయర్ గారు చెప్పారు.

"తినేసి వచ్చెయ్యొచ్చా బాబూ?"

"చరిత్రలో ఎలా జరిగిందో అలాగే జరగాలి నానాయ్. పొల్లు పోకూడదు."

సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చి, చరిత్రలో ఆ తర్వాత ఏమైందని అడిగింది. మా బళ్ళో పిల్లలు కూడా అలా అడగరు. సంబరపడిపోయి, ఉన్నదంతా చెప్పేశాను.

శనివారం తొమ్మిది గంటల కార్యక్రమం మా ఆనవాయితీ ప్రకారం పదకొండింటికి మొదలైంది. మేయర్ గారు గోచీలో వీరుడిలా వెలిగిపోయారు. గోచీ కింద నిక్కరు, చేతికి బంగారు గడియారం, నెత్తిన భార్య పట్టిన గొడుగు. శత్రువులు అట్టల కవచాలతో, బిస్కెట్ డబ్బాల శిరస్త్రాణాలతో దిగారు. యుద్ధం భీకరంగా సాగింది. మన యోధుల్లో పన్నుల విభాగం గుమాస్తా ఒకాయన మోకాలిలోతు నీళ్ళలో పడి మునిగిపోబోతే శత్రువులే పైకి లాగి, నీళ్ళు కక్కించి, మళ్ళీ ఆయన చేతిలోనే ఓడిపోయారు.

పడవలన్నీ దిబ్బ వైపు సాగిపోయాయి. మేయర్ గారు కత్తి ఎత్తి, తన కంఠంలో ప్రాణం ఉండగా పరాయివాడు ఈ ఇసుక మీద కాలు పెట్టలేడని గర్జించారు. ఇసుకలో చెప్పులు విప్పుకుని కూర్చున్న అతిథి ముచ్చటగా చప్పట్లు కొట్టాడు. స్క్రిప్టులో మేయర్ గారు తన చేత్తో చేర్చిన వాక్యం నేను మైకులో చదివాను: "ఆ విధంగా శత్రువులు తమంతట తాము తీరం ఖాళీ చేశారు." కెమెరాకు సరిగా అందలేదని మళ్ళీ చదివించారు. అప్పటికే లారీలొచ్చి, నీళ్ళకీ ఇళ్ళకీ మధ్య రేకుల కంచె లేచిపోతోంది. నాకు ఒళ్ళు మండింది కానీ మైకు వదల్లేదు.

అంతలో పడవలు వెనక్కి తిరిగాయి. ముందు నానాయ్ గుండిన, నెత్తిన బిస్కెట్ డబ్బా, చేతిలో వెదురు శిలువ. వెనకాల కర్రకు గుచ్చిన పంది, దాన్ని మోస్తూ స్పెయిను సైన్యం. కంచెకు పెట్టిన గేటు దగ్గర కాపలావాడు నెస్తొర్, ఆవిడకి జ్ఞానపుత్రుడే, అడ్డం నిలబడి నేల చూపులు చూశాడు.

"పరాయివాళ్ళకి ప్రవేశం లేదు నానాయ్."

"తెలుసు నాయనా. మొదటిసారి ఓడినా స్పెయినువాళ్ళు నలభై నాలుగేళ్ళకి మళ్ళీ వచ్చారట, శిలువ పట్టుకుని. అన్నాళ్ళు ఆగలేం. పిల్లలకి ఎండ కొడుతోంది."

మేయర్ గారు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. మైకు ఆన్‌లోనే ఉంది.

"ఇది నిజమేనా మాస్టారూ?"

"పొల్లు పోలేదండి."

"వచ్చి ఎన్నాళ్ళున్నారు?"

"మూడువందల ముప్పై మూడేళ్ళు."

ఆయన ముఖం పాలిపోయింది. "మరి ఎలా పోయారు?"

"1898లో ఇంకో విదేశీయుడు దిగాడండి. ఆ స్పెయినుకు రెండు కోట్ల డాలర్లిచ్చి పంపించేశాడు."

"అయితే ఆ విదేశీయుడు డబ్బు తెచ్చేదాకా మేం మా ఇళ్ళల్లోనే ఉంటాం. పదండర్రా, పంది చల్లారిపోతోంది," అంది నానాయ్ గుండిన. నెస్తొర్ టోపీ తీసి జేబులో కుక్కుకుని, గేటు తెరిచి, కర్ర ఒక కొసకి భుజం పట్టాడు.

మేయర్ గారు అధైర్యపడే మనిషి కాదు. కౌన్సిల్ని అక్కడే ఇసుకలో సమావేశపరిచారు. ఇది 1898వ సంవత్సరమేనని ఏకగ్రీవంగా తీర్మానించి, సభ్యులంతా ముఖ్య అతిథి వైపు తిరిగారు.

అతిథి చప్పట్లు కొట్టడం ఆపాడు.