ఆనందంగా ఎగరేయవలెను

2014 వేసవిలో అమెరికాలోని మోరిస్‌విల్ తెలుగువారికి చట్టపరమైన స్పష్టత ఒకటి లభించింది. సరదాకి డ్రోన్ ఎగరేస్తే అది హాబీ. ఎవరికైనా పనికొచ్చేలా ఎగరేస్తే అది వ్యాపారం, దానికి వాషింగ్టన్ అనుమతి కావాలి. ఆ శనివారం దాకా ఈ సూక్ష్మం శేషగిరికి తెలియదు. అప్పటివరకూ తెలుగు సంఘంవారి గృహప్రవేశాలన్నిటికీ, సంఘం అధ్యక్షులు, ఇళ్ళ ఏజెంటు వీరాంజనేయులు గారు అమ్మకానికి పెట్టిన ఇళ్ళన్నిటికీ ఆకాశం నుంచి ఉచితంగా వీడియోలు తీసిపెట్టాడు. అది స్నేహం కనుక చట్టం పరిధిలోకి రాదు.

ఆ శనివారం ఉదయం సంఘం సభ్యుడు రఘు వాళ్ళమ్మ దమయంతి గారు వాకింగ్‌కి వెళ్ళి తిరిగి రాలేదు. షుగర్ మనిషి. టిఫిన్ తినలేదు, ఫోను ఇంట్లోనే ఉంది. పోలీసులు రోడ్లు గాలిస్తున్నారు. ఇళ్ళ వెనకేమో అంతా అడవి. శేషగిరి డ్రోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఆపద వస్తే మనవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోరు. తక్షణమే కాన్ఫరెన్స్ కాల్ పెట్టారు. సభ్యులందరూ హాజరై మ్యూట్‌లో ఉండగా వీరాంజనేయులు గారు ప్రసంగించారు.

"సంఘం తరఫున వాలంటీర్‌గా ఎగరేస్తే అది హాబీ కాదండీ. హాబీ కాకపోతే కమర్షియలే. మీరేమో హెచ్‌1బి వీసా మీదున్నారు, గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. రేపెవరైనా ఇది సెకండ్ జాబ్ అంటే, ఆ వీసాకి ఒప్పుకోరు కదా? మీ మంచికే చెప్తున్నా."

గ్రీన్‌కార్డ్ మాట చెవిన పడగానే శేషగిరి డ్రోన్‌ని కింద పెట్టేశాడు. ఆ కార్డు కోసం అతను నచ్చని ఉద్యోగంలో ఏళ్ళ తరబడి నోరు మూసుకుని ఉన్నాడు.

తీర్మానం ఏకగ్రీవమైంది. శేషగిరి కేవలం తన ఆనందం కోసం ఎగరేయాలి. ఎవరినీ వెతకకూడదు. ఎవరైనా కనిపిస్తే ఆశ్చర్యపోవాలి. ఆ ఆనందానికి సాక్ష్యంగా కార్యదర్శి నమ్రత ఫొటోలు తీయాలి. రఘు ఏడుస్తూ ఫ్రేములోకి వస్తున్నాడని అతన్ని కాస్త పక్కకి జరిపారు.

డ్రోన్ లేచింది. శేషగిరి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. కాసేపటికి తెర మీద, వాగు ఒడ్డున, ఎర్రచీర కనిపించింది. దమయంతి గారు చెయ్యి ఊపుతున్నారు. అతను డ్రోన్‌ని అక్కడే ఆపాడు.

"ఒకే మనిషి మీద అలా ఆపకండి శేషగిరి గారూ, అది సెర్చ్ కిందకొస్తుంది. ముందుకి పోనివ్వండి. నవ్వు కూడా తగ్గింది, చూసుకోండి," అంది ఫొటోలు తీస్తున్న నమ్రత.

శేషగిరి ముందుకి పోనిచ్చాడు. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కనిపించిన సంగతి రఘుకి చెప్పడం సమాచార సేవ అవుతుందా అనే అంశంపై మళ్ళీ చర్చ మొదలైంది. లాయరు గారు లైన్లోకి రావలసి ఉంది. శేషగిరి డ్రోన్‌ని దించేసి, రఘు చెయ్యి పట్టుకుని అడవిలోకి పరిగెత్తాడు.

దమయంతి గారు కాలు బెణికి చెట్టు మొదట్లో కూర్చున్నారు. కళ్ళు తిరుగుతున్నాయన్నారు గానీ స్పృహలోనే ఉన్నారు. రఘు వెంట తెచ్చిన జ్యూస్ తాగించాడు. ఆవిడ కాస్త తేరుకున్నాక శేషగిరి తల వంచుకుని, ఇందాక పైన తిరిగింది మీకు కనిపించిందా అని అడిగాడు.

"కనిపించింది నాయనా. చెయ్యి కూడా ఊపాను. కాసేపు నన్నే చూసి, చూడనట్టు వెళ్ళిపోయింది. రోజూ వాకింగ్‌లో ఎదురయ్యేవాళ్ళని చూస్తున్నానుగా, అప్పుడే అనుకున్నా, ఇదెవరో మనవాళ్ళదేనని."