ఈల వేస్తే మిద్దెక్కాలి

పొద్దున్నే కాఫీ కూడా తాగనివ్వకుండా ఉమామహేశ్వర్లు తల్లి రామతులసమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకు తువ్వాలు బిగించాడు.

మార్కాపురం శివార్లలో పాత కుంటను పూడ్చి కట్టిన అపార్ట్‌మెంటు అది. కిందటి తుఫానుకు కుంట తన చోటు వెతుక్కుంటూ వచ్చింది. అందరూ మిద్దెక్కారు. కాళ్లు పడిపోయిన రామతులసమ్మ మాత్రం కింది వాటాలో, మంచం కోళ్లు మునిగిన నీళ్ల మధ్య మిగిలిపోయింది. కొడుకు ఆ వేళ దుకాణంలో కందిపప్పు మూటలు పైకెత్తుతున్నాడు.

అందుకే ఈ కసరత్తు. మున్సిపాలిటీ అధికారి ఈల వేస్తాడు. వరద వచ్చినట్టే లెక్క. అందరూ మిద్దెక్కాలి. ఆమె కుర్చీని పై వాటాల సంజీవరావు, చెంచయ్య మోయాలి.

"ఈసారన్నా నన్ను మర్చిపోరు గదరా?"

"ఏందమ్మా, లేచినకాడ్నుంచి అదే పాట! ఇద్దర్ని పెట్టినా గదా."

ఈల మోగింది. కుర్చీ లేచి, మెట్ల మలుపుదాకా ఎక్కింది. అంతలో పైనుంచి బిందెల మోత. ఆ కాలనీలో ఈల వేసేది మంచినీళ్ల ట్యాంకరు డ్రైవరు ఒక్కడే. ఆడామగా కిందికి ఉరికారు.

సంజీవరావు కుర్చీ దించేశాడు. "అవ్వా, వరసలో చోటు పట్టుకొని ఇట్ల వస్తా."

"ఒరేయ్, నేను మునిగిపోతానురా!"

"వరద ఉత్తుత్తిదేలే అవ్వా, నీళ్లు నిజంవి!" అంటూ చెంచయ్యా ఉరికాడు.

ట్యాంకరు కనబడలేదు. కనబడింది అధికారి జీపు. దాని చుట్టూ బిందెలు వరస కట్టాయి. పక్క వీధివాళ్లూ వచ్చారు, తోపులాట మొదలైంది. అధికారి "వరద! వరద!" అని గొంతు చించుకున్నాడు.

"వరదంత వద్దు సార్, రెండు బిందెలు చాలు," అంది రెండో అంతస్తు యేసుమణి.

మెట్ల కిటికీలోంచి రామతులసమ్మ తొంగి చూసింది. వరసలో మొదటివాడు తన కొడుకే. రెండు చేతులా రెండు బిందెలు. ఆమెకు ఒళ్లు మండింది. కిటికీలోంచే గట్టిగా కేకేసింది.

"ఓయమ్మా! నీళ్ల పైపు మిద్దె మీదికేసినారంట! పైనే పట్టుకోవాలంట!"

జనమంతా వెనక్కి తిరిగారు. ఇరుకు మెట్లు, అడ్డంగా కుర్చీ. అంత జనం ఒక్కసారిగా పక్కనుంచి పోయే చోటు లేదు. ఎత్తుకొని పోవడమే దారి. ముందు కాళ్లు సంజీవరావు, చెంచయ్య పట్టారు, వెనక కాళ్లు కొడుకు. ఊపిరి తిప్పుకొనేలోగా రామతులసమ్మ అందరికంటే ముందు మిద్దె మీద ఉంది.

రొప్పుతూ వచ్చిన అధికారి లెక్క చూసి పొంగిపోయాడు. "భేష్! నడవలేని పెద్దావిడతో సహా ఒక్కరూ మిగల్లేదు!"

ఉమామహేశ్వర్లు ఖాళీ బిందెలు చూపించాడు. "నీళ్లేవమ్మా?"

"కిందటిసారి వచ్చినాయి గదరా, నువ్వు లేనప్పుడు."

ఆ సాయంత్రమే అపార్ట్‌మెంటు సంఘం తీర్మానించింది: ఇకమీదట తుఫాను వస్తే ఈల వేయరాదు, మిద్దె మీదికి నీళ్ల పైపు వేశారని కేకేయాలి.