మేనమామ పోలిక

ఆ ఉదయం శిల్పి అనుకున్న పని చాలా చిన్నది. బజారుకెళ్లి తేనెమైనం తెచ్చి, బొమ్మకు పట్టించి, సాయంత్రానికి హాల్లో నిలబెట్టాలి. భార్య పోయి ఏడాదవుతోంది. ఆమెను తలచుకోవడానికి నలుగురూ వస్తున్నారు.

బొమ్మంటే టేకు దుంగలో ఒక నడుము వంపు, ఒక భుజం వాలు, పైన నున్నటి తల. కళ్లూ ముక్కూ లేవు. ఆయన పద్ధతే అంత. మనిషిని పట్టించేది ముఖం కాదు, నిలబడే తీరు అని ఆయన నమ్మకం. మనిషి గుర్తొచ్చేదాకా చెక్క తీస్తాడు, గుర్తురాగానే ఉలి కింద పెడతాడు. నడుము దగ్గర ఆమె గుర్తొచ్చింది, భుజం దగ్గరా గుర్తొచ్చింది. తల దగ్గర మాత్రం ఎంత చెక్కినా రాలేదు. ఆ దిగులుతో ఆయనకు సరిగ్గా తిండి కూడా సహించడం లేదు.

"బొమ్మని జాగ్రత్తగా హాల్లో పెట్టు," అని భార్య తమ్ముడికి చెప్పి వెళ్లాడు.

బావమరిది ముసుగు తీసి చూసి నిట్టూర్చాడు. "పాపం బావ. అక్క ముఖం దగ్గరికొచ్చేసరికి చెయ్యాడలేదు," అనుకుని, ఉపకారం చేద్దామని వీధి చివర కిటికీలు చేసే వడ్రంగిని పిలుచుకొచ్చాడు.

"ముక్కు పెడితే చాలా?" అన్నాడు వడ్రంగి.

"చాలు. మిగతాది చూసేవాళ్లే ఊహించుకుంటారు."

ముక్కు అతికించాక కళ్లు లేని సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. కళ్లు తొలిచారు. అంతలో పెద్దక్క వచ్చి, "చెల్లివి ఇంకా పెద్ద కళ్లురా," అంది. పెద్దవి చేస్తే బొమ్మ ఉరిమి చూసింది. కోపం తగ్గించడానికి నవ్వు చెక్కారు. అది ఒక పక్కకు పోయింది. ఆ వంకర కప్పడానికి వడ్రంగి పెదవి మీద ఒక చెక్కపేడు అతికించాడు. అది మీసమైంది. ఆ ముక్కూ, ఆ మీసమూ, ఆ వంకర నవ్వూ కలిసి ఉన్న మనిషి బంధువర్గం మొత్తంలో ఒక్కడే, వాళ్ల మేనమామ.

ముందుగా వచ్చిన పక్కింటాయన బొమ్మను చూసి నిర్ఘాంతపోయాడు. "అయ్యో, మీ మామయ్య కూడా పోయారా? నిన్ననే పలకరించానే," అని వెళ్లి వీధంతా చెప్పాడు. జనం పూలు పట్టుకుని వచ్చారు. అందరూ కళ్లు తుడుచుకుంటుంటే పెద్దక్క కూడా ఆపుకోలేక ఏడ్చింది. కాసేపటికి మేనమామ వచ్చాడు. గుంపును చూసి తానూ గొల్లుమన్నాడు.

"ఎవరు పోయారే?" అని అడిగాడు ఏడుస్తూనే.

పెద్దక్క హాల్లోకి వేలు చూపించింది. ఆయన లోపలికెళ్లి బొమ్మను తేరిపార చూశాడు.

"నాతో ఒక్క మాటైనా చెప్పలేదు," అన్నాడు.

మైనం పట్టుకుని శిల్పి గుమ్మంలో నిలబడ్డాడు. బొమ్మను చూశాడు. లోపల్నుంచి దుంగలు చెక్కే బాడిస తెచ్చి ముఖం మీద ఒక్క దెబ్బ వేశాడు. మీసం, ముక్కు, నవ్వు, కళ్లు ఎగిరిపోయాయి. చెక్క పొర వెంట చీలి, ఒక వైపు చెంప కూడా ఊడిపడింది. మిగిలిన తల మొహం అటు తిప్పుకున్నట్టు కనబడింది.

రెండో దెబ్బకు ఎత్తిన చెయ్యి ఆయన దించేశాడు. ఇన్నాళ్లూ ఆమె తనవైపు చూస్తున్నట్టే చెక్కాడు. ఆఖరి రోజుల్లో ఆమె తనవైపు చూడనే లేదు. ఎంతసేపూ ఆ దుంగల దగ్గరేనా అని అలిగి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ అలక తీరకుండానే పోయింది. ఆయన బొమ్మ ముందు కూలబడి, అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు.

బావమరిది భయపడుతూ దగ్గరికొచ్చాడు. "బావా, ముక్కు మళ్లీ పెట్టించనా?"

"వద్దు. మీ అక్క వచ్చింది."

మేనమామ తనకోసం వచ్చిన పూలన్నీ ఏరి తెచ్చి ఆమె ముందు పోశాడు. ఆమె ఇటు తిరగలేదు.