కాన్పు గదికి టికెట్టు

పైహే దీవిలో పిల్లల్ని కనడం నిషేధమని బయట ఒక పుకారు ఉంది. నమ్మకండి. ఎంతమందినైనా కనవచ్చు. కాకపోతే పడవెక్కి అవతలి గట్టున ఉన్న నగరానికి వెళ్లి, కని, తిరుగు పడవలో రావాలి.

ఒకప్పుడు ఇక్కడే కనేవాళ్లు. యుద్ధనౌకల్లో వచ్చిన తెల్లదొరలు కొండమీద తమకు బంగళాలూ, మాకొక ఆస్పత్రీ కట్టారు. దొరలు పోయి చాలా కాలమైంది. వాళ్ల మీద మాకేమీ కోపం లేదు. వాళ్ల కిటికీలకు ఏటా రంగులు వేస్తున్నాం. మా కిటికీలకు వేసుకుంటామంటే మాత్రం వారసత్వ సంరక్షణ కార్యాలయం ఒప్పుకోదు. పెచ్చులూడిన కిటికీలే ఫొటోల్లో అందంగా ఉంటాయట. ఆస్పత్రిని కాపాడిందీ ఆ కార్యాలయమే. రోగుల వల్ల గోడలు పాడవుతున్నాయని గ్రహించి, వాళ్లను ఖాళీ చేయించి, దాన్ని వైద్య వారసత్వ ప్రదర్శనశాలగా మార్చింది. కాన్పు గదిలోని ఇనుప మంచం చుట్టూ ఎర్రతాడు కట్టింది. ఆ ప్రదర్శనశాల గుమ్మం ఎదుటే నేను చేప ఉండల పులుసు అమ్ముతాను.

మొన్న శరదృతువులో మా పక్కింటి సుయింగ్‌కు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. దొరల కాలం నుంచీ దీవిలో మోటారు బండి తిరగకూడదు. ఆమె భర్త తియాన్‌సాంగ్ హోటళ్లకు బీరుపెట్టెలు చేరవేసే తన లాగుడు బండి మీదే పరుపు పరిచి, ఆమెను పడుకోబెట్టి రేవుకు బయల్దేరాడు. అతని తల్లి బీలాన్ గొడుగు పట్టింది.

సందు మలుపులో బండి ఆగిపోయింది. అద్దె గౌను వేసుకుని దొరల మెట్ల మీద ఫొటో దిగనిదే ఇప్పుడు ఏ పెళ్లీ పెళ్లి కాదు. కాబోయే జంటలు సందు నిండా నిలబడి ఉన్నాయి.

"జరగండి నాయనా, కోడలికి నొప్పులొస్తున్నాయి!" అని బీలాన్ అరిచింది.

"బండి అదిరింది! కొంచెం ఎడమకు లాగు తమ్ముడూ" అన్నాడు ఫొటోగ్రాఫరు. "పెద్దమ్మా, మళ్లీ ఒక్కసారి అలాగే అరువు."

"మీ అమ్మను అరవమను, వెధవా!"

ఎంత సహజంగా తిట్టిందోనని జంటలన్నీ మెచ్చుకున్నాయి.

"రేవు దాకా ఆగేలా లేదు అత్తా" అంది సుయింగ్ పళ్లు బిగించి. తియాన్‌సాంగ్ బండిని ప్రదర్శనశాలలోకి తిప్పాడు.

"టికెట్లు?" అన్నాడు పర్యవేక్షకుడు కో గారు.

"వీణ్ణి ఆ మంచం మీదే కన్నాను, తప్పుకో!" అంది బీలాన్, కొడుకును చూపించి.

"సరిగ్గా అందుకే తల్లీ" అన్నారు కో గారు గద్గదంగా. "తరతరాల జననాలకు సాక్షి ఈ మంచం. ఇంతటి చారిత్రక మంచం మీద ఎవరైనా కాన్పు కావడం భావ్యమా?"

బీలాన్ ఎర్రతాడు తెంపేసింది. అప్పుడే తెల్లగౌను ఎత్తిపట్టుకుని ఒక పెళ్లికూతురు లోపలికి దూసుకొచ్చింది. "జరగండి, నేను కాన్పుల వార్డులో నర్సును."

"గౌను అద్దెది!" అని పెళ్లికొడుకు గొల్లుమన్నాడు.

"నోరుమూసుకుని వేణ్నీళ్లు పట్రా!"

వేణ్నీళ్లు నా పొయ్యి మీదివే. ఇంతలో యాత్రికుల గుంపొకటి లోపలికి వచ్చింది. జెండా పట్టుకున్న గైడు, పాతకాలపు కాన్పును ఇక్కడ కళ్లకు కట్టినట్టు చూపిస్తారని వివరించాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

బిడ్డ బయటికొచ్చింది. ఏడవలేదు. మెడకు పేగు చుట్టుకుని ఉంది. పెళ్లికూతురు దాన్ని విడదీసి, వీపు రుద్దింది. తియాన్‌సాంగ్ నేలమీద కూలబడ్డాడు. "ఏడవవే, ఏడవవే తల్లీ" అని బీలాన్ గొణుగుతోంది. "ఈ భాగం కాస్త సాగదీశారు" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

పాప కెవ్వుమంది. చప్పట్లు మోగిపోయాయి. కో గారు తలవంచి వాటిని అందుకున్నారు.

తల్లీ బిడ్డా ఆ సాయంత్రమే నగరం ఆస్పత్రికి చేరారు. ఇద్దరూ క్షేమం. తాడు తెంపినందుకు బీలాన్‌ను కార్యాలయం తీవ్రంగా మందలించింది. వీడియోలు చూశాక, వారసత్వ సేవకు ఆమెనే సన్మానించింది. తల్లి నటన కాస్త ఎక్కువైందన్న ఒక్క విమర్శ తప్ప ప్రేక్షకులు అందరూ అయిదు నక్షత్రాలిచ్చారు.

మర్నాడు ప్రదర్శనశాల నుంచి రేవు దాకా జనం బారు కట్టారు. పాపం ఎంత దూరం నుంచి వచ్చిందో, ఒక పెద్దావిడ నా కొట్టు దగ్గర ఆగి, "ఇవాళ కనేది ఎవరయ్యా?" అని అడిగింది.

"ఇవాళ ఎవరూ లేరమ్మా."

ఆమె మొహం చిన్నబోయింది. "పోనీ, పోయేవాళ్లెవరైనా ఉన్నారా?"

ఉన్నారన్నాను. ఆస్పత్రి లేని ఊళ్లో ముసలివాళ్లకు కొదవేముంది? బల్ల చూపించి, పులుసు తాగుతూ కూర్చోమన్నాను. కూర్చుంది. పక్కన ఇంకా చోటుంది. మీరూ రావచ్చు.