జూలు గొరిగిన రాజముద్ర

సూరత్ తెలుగు మరమగ్గాల సమాఖ్యకు రాజముద్ర లేని లోటు, ఊళ్లో మగ్గాలన్నీ ఆగిపోయిన లాక్‌డౌన్‌లోనే కనబడడం దాని ముందుచూపుకు నిదర్శనం. కార్మికులుండే కోసాడ్ వాడలో బియ్యం నిండుకున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. కానీ ముద్ర లేని సంఘం ఇదొక్కటే.

ఆ పక్కనే అమ్రోలిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే నర్సింగానికి మామూలుగా ఇవేవీ పట్టవు. అయితే సిరిసిల్ల దగ్గరి ఊళ్లో భార్య భాగీరథికి నెలలు నిండాయి. ఊరికి పోయే రైలెక్కాలంటే సంఘం ఉత్తరం కావాలి. ముద్ర లేని ఉత్తరం బయటికి పోతే సంఘం పరువు తాపీ నదిలో కలుస్తుందని అధ్యక్షుడు దశరథం తీర్మానించి ఉన్నాడు.

"అన్నా, దినాలు దగ్గరవడ్డయ్. తెల్ల కాయితం మీద రెండు ముక్కలు రాసియ్యరాదే" అని నర్సింగం ఫోన్‌లో బతిమాలాడు.

"కాన్పు ఇయ్యాల గాకుంటె రేపైతది తమ్మీ. ముద్ర నూరేండ్లుంటది" అన్నాడు దశరథం.

ముద్రలోని అర్థాలను ఆయన వీడియో సమావేశంలో గంటన్నర వివరించాడు. మధ్యలో మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె, గది దాటలేని సభ్యుల చలనశీలతకు గుర్తు. పక్కన నూలు కండె, చిక్కుపడని ఐక్యతకు. పైన పులి, కులదైవం భావనా ఋషి వాహనం. కింద "నేతే మన బలం" అన్న సూక్తి. నేత అంటే నేయడమే కదా అని సభ్యులు చప్పట్లు కొట్టారు. నేత అంటే తానేననుకుని దశరథం దండం పెట్టాడు.

బొమ్మ పని వరాఛాలోని ఒక గుజరాతీ చిత్రకారుడికి అప్పగించారు. "పైన శేర్ వేయి" అని దశరథం హిందీలో చెప్పాడు. మనవాళ్లకు శేర్ అంటే పులి. ఆ మహానుభావుడు గిర్ అడవి పక్కన పుట్టినవాడు, జూలుతో సహా సింహాన్ని దించాడు. ఇంకేముంది, సంఘం రెండుగా చీలింది. ఉన్న ఊరి మృగాన్ని గౌరవించాలని ఒక వర్గం, దేవుడి వాహనం మారిస్తే ఊరుకోమని ఇంకో వర్గం. ఆ పంచాయితీలో రెండు రైళ్లు వెళ్లిపోయాయి. రెండో రైలు పోయిన రోజు నర్సింగం మళ్లీ దశరథానికి ఫోన్ చేశాడు.

"జూలు గొరిగి చారలు గీయిండ్రి. గదే పులైతది" అన్నాడు, ఏడుపొక్కటే తక్కువగా.

సమాఖ్య దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించి, అతనికి కళాపోషకుడనే బిరుదిచ్చింది.

ఉత్తరం వచ్చింది. సగం పేజీ ముద్ర, మిగతా సగం దాని అర్థాలు, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో నర్సింగం పేరు. అది చేతికందిన పూటే ఊర్లో భాగీరథికి కాన్పయింది. అతను ఉత్తరం ఫొటో తీసి సంఘం వాట్సాప్ గుంపులో పెట్టి, "మా ఇంట్ల కాన్పయింది. నేను పోలేకపోతి" అని రాశాడు.

పులికి రెండు వందల చప్పట్లు వచ్చాయి. మీసం ఇంకాస్త దువ్వి ఉండాల్సిందని ఇద్దరు పెద్దలు అభిప్రాయపడ్డారు. తల్లి ఎట్లుంది, ఆడపిల్లా మగపిల్లాడా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

వాళ్లను అనుకుని ఏం లాభం? ఇంత దూరం చదివిన మీరు మాత్రం అడిగారా?