విఠలయ్య వంకాయరంగు కారు

నేను చెప్పే కథల్లో చీమ తలకాయంత అబద్ధం కూడా ఉండదు. కావాలంటే పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఎవరినైనా ఆపి అడగండి. ఆపితే ఆగరు, అందరికీ షిఫ్టు టైమే. అది వేరే సంగతి.

పటాన్‌చెరు పక్కన ఇంద్రేశంలో విఠలయ్య అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. ముప్పై రెండేళ్లు ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో ఫిట్టరుగా చేసి నిరుడే రిటైరయ్యాడు. అక్కడ ఆయన పేరు 'పాయింట్ విఠలయ్య'. ఎవరేం చేసి తెచ్చినా వెంట్రుకవాసి తేడా పట్టే వెర్నియర్ కొలబద్దతో కొలిచి "పాయింట్ జీరో టూ తేడా ఉంది" అనడం అలవాటు. పెళ్లిచూపుల్లో సుమిత్రను చూసి, పిల్ల బాగుంది గానీ బొట్టు అరమిల్లీమీటరు ఎడమకుందన్నాడట. ఆమె పెళ్లయితే చేసుకుంది గానీ ఆ అరమిల్లీమీటరు ఇంతవరకూ మర్చిపోలేదు.

రిటైరయ్యాక ఆ చేతులు ఊరుకోలేదు. కారు నమూనాల పిచ్చి పట్టింది. అంగట్లో పిల్లలకు కొనిచ్చే బొమ్మలు కావు. పెట్టెలో ముక్కలు ముక్కలుగా వస్తాయి. గీకి, అతికి, రంగు కొడితే అసలు కారు ఇరవై నాలుగో వంతుకు కుంచించుకుపోయినట్టు తయారవుతుంది. అదీ ఉన్నదున్నట్టు చేస్తే విఠలయ్య ఎందుకవుతాడు? ఒకదాని టాపు కోస్తాడు, ఒకదానికి చక్రాలు మారుస్తాడు. అట్లా టీవీ పక్కన పదిహేడు కార్లు నిలబెట్టాడు. ఇంటి ముందు మాత్రం ఒక పాత స్కూటరే ఉంది.

"పదిహేడు కార్లున్న ఇంటిదాన్ని. పటాన్‌చెరు పోవాల్నంటే ఆటో కోసం గంట నిలవడ్త" అనేది సుమిత్ర.

"ఆటోల పోతే ఏమైతదే?"

"ఏం కాదు. నడుము పాయింట్ జీరో టూ పక్కకు జరుగుతది, గంతే."

ఇంతవరకూ లోకం సవ్యంగానే నడిచింది. అప్పుడు తెల్లాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో ఉండే రాజారావు కారు కొన్నాడు. రాజారావు సుమిత్ర చెల్లెలి మొగుడు. అంటే విఠలయ్యకు సడ్డకుడు. కొన్నవాడు నడుపుకోవచ్చు కదా! అత్తగారి పేరుతో 'నర్సింహమ్మ పరివార్' అని వాట్సాప్ గ్రూపొకటి ఉంటే, అందులో రోజుకో ఫొటో పెట్టడం మొదలుపెట్టాడు. సోమవారం ముందు నుంచి. మంగళవారం వెనక నుంచి. బుధవారం పక్క నుంచి. గురువారం నాడు ఏం మిగిలిందో ఏమో, కింద నుంచి తీసి పెట్టాడు.

విఠలయ్య ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసి "సైలెన్సరు వంకర" అన్నాడు. కడుపులో మంట మాత్రం వంకర లేకుండా నిటారుగా లేచింది.

ఉపాయం పుట్టింది ఆ మంటలోంచే.

నెలన్నర పాటు మిద్దె మీది గదిలో తలుపేసుకుని పద్దెనిమిదో కారు చేశాడు. సడ్డకుడి కారు కంటే ఒక జానెడు పొడుగైన కారు, అసలు సైజు లెక్కలో. రంగు కోసం పటాన్‌చెరులో డెంటింగ్, పెయింటింగ్ షాపు నడిపే ముస్తఫా దగ్గరికి వెళ్లాడు.

"వంకాయ రంగు కావాలె భాయ్. కారు మొత్తానికి."

"ఎంత ఇమ్మంటవ్, విఠలన్నా?"

"అర చాయ్ గ్లాసు."

ముస్తఫా ఆయన మొహం చూసి ఇంకేం అడగలేదు. రిటైరైనవాళ్లను ఎక్కువ అడగకూడదని ఆయనకు తెలుసు.

సుమిత్ర పాత పర్సు తోలు సీట్లయింది. ఆమె ఎర్ర బొట్టుబిళ్లలు బ్రేకు లైట్లయ్యాయి. నంబరు ప్లేటు మీద వెంట్రుకంత కుంచెతో టీజీ పదిహేను అని రాశాడు. పిట్టగోడ మీద నల్లటి గరుకు ఎమ్రీ కాగితం పరిస్తే తారు రోడ్డు. కొత్తిమీర కుండీలోంచి రెండు మొక్కలు పీకి గుచ్చితే రోడ్డు పక్క చెట్లు. వెనక దూరంగా కొత్త లేఅవుట్ల ప్రహరీలు, పైన ఆకాశం ఎలాగూ అసలువే. ఫోను గోడకు ఆనించి, ఒంటికన్నుతో చూసి, బుధవారం పొద్దున ఫొటో కొట్టి గ్రూపులో పెట్టాడు: 'కొత్త బండి. దేవుని దయ.'

దేవుడికి ఈ సంగతి తెలియదు.

గ్రూపు దద్దరిల్లింది. దండాలు, పూలగుత్తులు, చప్పట్లు. రాజారావు మాత్రం పావుగంట సేపు ఆ ఫొటోను పెద్దది చేసి చూశాడు. తర్వాత ఫోను చేశాడు.

"కంగ్రాట్స్ అన్నా. ముందటి టైరు పక్కన నల్లగ ఏందో పండుకున్నది, మీ కుక్కపిల్లనా?"

విఠలయ్య ఫొటో పెద్దది చేసి చూశాడు. చీమ.

"అవును. నాటుది" అన్నాడు.

"ఆరు కాళ్లు కనవడ్తున్నయి అన్నా."

"తోక ఊపుతుంది కదా, గట్ల కనవడ్తది."

ఇక్కడితో ఆగితే ఉపాయం పారినట్టే. కానీ ఆ వెంటనే నర్సింహమ్మత్త గొంతు గ్రూపులో మోగింది. ఎనభై ఏళ్ల ఆ పెద్దమనిషికి రాయడం రాదు గానీ గొంతు రికార్డు చేసి పంపడం వచ్చు. "అల్లుడా, పూజ చేయకుండ బండి కదిలియ్యకు. ఐతారం అందరం వస్తున్నం. నా చేతులతోని నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెడ్త."

విఠలయ్య కాళ్ల కింద అప్పుడే ఎవరో నిమ్మకాయ పెట్టినట్టు నేల జారింది. ఆదివారం నాడు రాజారావు ముందర కారు లేదని తేలితే, ఇక బతికినన్నాళ్లూ పెళ్లిలో, పేరంటంలో, చావులో ఆ మాటే. ఇంతలో సుమిత్ర ఫోను పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. అన్ని కొలతలూ వేసిన మనిషి, ఆమె కూడా గ్రూపులో ఉందన్న సంగతి కొలవలేదు.

"ఏమయ్యా, కారు కొన్నవంట. నాకు గ్రూపుల తెలిసె."

"సర్‌ప్రైజ్ ఇద్దామని..."

"ఏడున్నది?"

"ముస్తఫా షాపుల. పాలిష్ కొడ్తున్నరు."

సుమిత్ర ఫొటోను చాలాసేపు చూసింది. "కారు సంగతేమో గానీ చెట్లు మంచిగున్నయి. పచ్చగున్నయి. వాసనొస్తున్నట్టే ఉన్నది."

"అవునవును, మంచి గాలొస్తది ఆడ."

"అట్లనే ఉంటదిలే. ఐతారం మూడు కిలోల మటన్ తేవాలె. కారంటే దావత్ అడుగుతరు."

ఇంత తేలిగ్గా నమ్మిందేమిటని విఠలయ్యకు కొంచెం జాలి కూడా వేసింది. అమాయకురాలు అనుకున్నాడు.

శుక్రవారం దాకా ఆలోచించి, చివరికి తనకు తెలిసిన విద్యకే దిగాడు. ఇన్నాళ్లూ పెద్దకార్లను చిన్నగా చేశాడు. ఈసారి స్కేలు ఒకటికి ఒకటి. ముస్తఫాను అడిగి కారుకు కప్పే పెద్ద ముసుగు తెచ్చాడు. గడ్డపోతారం తుక్కు దుకాణం నుంచి రెండు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చాడు. శనివారం పొద్దున సుమిత్రను అడిగాడు.

"నవారు మంచాలు రెండు జెర కావాలె."

"తీస్కో. ఎండకేస్తవా?"

"ఆఁ, నల్లులు."

"పాపం. నేను ఒక పక్క పడ్త పా" అని తనే ఒక పక్క కోడు పట్టి రెండూ వాకిట్లోకి మోయించింది.

మంచం మీద మంచం వేస్తే టాపు. వెనక ఒక డ్రమ్ము నిలబెడితే డిక్కీ. ముందు ఒక డ్రమ్ము పడుకోబెట్టి, పై మంచం ముందు కోళ్లు దానికి ఆనిస్తే బ్యానెట్. ముసుగు కప్పి పది అడుగుల దూరం నుంచి చూశాడు. నిజం చెప్పొద్దూ, ఆయనకే ఎక్కి కూర్చోవాలనిపించింది. ఆదివారం పొద్దున లేచి చూస్తే ఇంకా బాగుంది. పక్క అద్దాలు ఉండాల్సిన చోట ముసుగు రెండు వైపులా బుడిపెల్లా పొంగి ఉంది. అవి తాను పెట్టినట్టు గుర్తులేదు. గుర్తులేనంత గొప్ప పనితనం తనదని మురిసిపోయాడు.

పదకొండింటికి రాజారావు కారు వచ్చి ఆగింది. అత్త దిగింది, మరదలు దిగింది. ఆఖరున రాజారావు దిగి ముసుగు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ముసుగు తియ్యన్నా, చూద్దాం."

"ఇయ్యాల తియ్యొద్దు. అయ్యగారు గురువారం దాకా ఎండ తగలనియ్యొద్దన్నడు."

"కారుకా, బాలింతకా?"

అత్త వచ్చి బ్యానెట్ మీద అరచేత్తో కొట్టింది. ధబ్ మంది. "ఇంజన్ మంచిగ మోగుతుంది అల్లుడా. నా కాళ్లు గుంజుతున్నయి, జెరసేపు లోపల కూసుంట. తలుపు తియ్యి."

"తాళం... తాళం ముస్తఫా దగ్గరున్నది అత్తా."

"పోనీ, పండుకుంటనన్న పండుకోవచ్చునా?" అని అత్త ముసుగు కింద కనిపిస్తున్న మంచం కోడు వైపు చూసి అమాయకంగా అడిగింది. విఠలయ్య ముసుగు అంచు గబగబా కిందికి లాగాడు.

రాజారావు తాపీగా వచ్చి బ్యానెట్ మీద మోచేయి ఆనించాడు. పడుకున్న డ్రమ్ము ఎంతసేపని ఓర్చుకుంటుంది? కదిలింది. ముసుగు కిందినుంచి బయటపడి, గేటు దాటి, పల్లంగా ఉన్న వీధిలో దొర్లుకుంటూ, కిరాణా కొట్టు దాటి, మలుపు దాకా వెళ్లి ఆగింది. ముందు ఆసరా పోయిన టాపు మంచం ముక్కు నేలకు ఆనించింది.

రాజారావు డ్రమ్ము పోయిన వైపే చూస్తూ అన్నాడు. "మైలేజీ మంచిగున్నదన్నా. పెట్రోలు పోయకుండనే గింత దూరం పోయింది."

అందరూ ఘొల్లుమన్నారు. ఆశ్చర్యపోవాల్సిన వాళ్లు ఆశ్చర్యపోకుండా నవ్వుతున్నారేమిటని విఠలయ్య అనుమానపడేలోపు లోపలి నుంచి సుమిత్ర పిలిచింది.

"ఏమయ్యా, ఆడ నిలవడి ఏం పూజ చేస్తరు? కారు ఈడుంటే."

ఆమె చేతిలో స్టీలు పళ్లెం. పళ్లెంలో వంకాయరంగు కారు. దాని ముక్కు మీద అగ్గిపుల్లతో పెట్టిన కుంకుమ బొట్టు, ఒక్క రవ్వ ఎడమకు పోకుండా నట్టనడుమ ఉంది.

"నీకు... ఎట్ల తెలిసింది?"

"నా కొత్తిమీర కుండీల రెండు మొక్కలు తక్కువైనయి. నీ ఫొటోల రెండు చెట్లు ఎక్కువైనయి. బ్రేకు లైట్లు నా బొట్టుబిళ్లలు. ఇంకేం తెలవాలె?"

"బుధవారమే ఫోన్ చేసి చెప్పింది బిడ్డ" అంది అత్త. "దావత్ ఎందుకు ఇడ్వాలె అని నేనే వస్తమన్న."

"మరి ఆ పక్క అద్దాలు?"

"మర్సిపోయినవు కదా నువ్వు. నేనే రెండు చెంబులు పెట్టిన. సగం పని చేసి ఇడుస్తవు ఎప్పుడన్న."

అత్త కొంగు ముడి విప్పింది. నాలుగు చక్రాల కింద నాలుగు ఆవగింజలు పెట్టింది. "ఇవి నిమ్మకాయలు." ఒక మిరియం గింజ దించింది. "ఇది టెంకాయ." ఒక శనగ గింజ తిప్పింది. "ఇది గుమ్మడికాయ. ఇగ పోనియ్యి అల్లుడా."

విఠలయ్య చిటికెనవేలితో కారును తోశాడు. చిట్, చిట్, చిట్, చిట్.

అంత అవమానంలోనూ ఆ మనిషి చేయి ఊరుకోలేదు. జేబులోంచి వెర్నియర్ తీసి, అత్త కొంగులో మిగిలిన ఒక ఆవగింజను కొలిచాడు. అసలు నిమ్మకాయ నలభై మిల్లీమీటర్లు. ఇరవై నాలుగో వంతంటే ఒకటి పాయింట్ ఆరు ఆరు. ఆవగింజ ఒకటి పాయింట్ ఆరు ఎనిమిది వచ్చింది. ఆయన నోరు తెరిచాడు. సుమిత్ర పళ్లెం పట్టుకుని ఆయన వైపే చూస్తోంది.

పెళ్లయినప్పటి నుంచి మొదటిసారి విఠలయ్య నోరు మూసుకున్నాడు.

దావత్ మాత్రం ఒకటికి ఒకటే జరిగింది. రాజారావుకు మూడుసార్లు మటన్ వడ్డించారు. విఠలయ్య విస్తరిలో ఒక చెంచా బగారన్నం, మినప్పప్పంత మటన్ ముక్క పడ్డాయి.

"గిదేందే?"

"స్కేలు" అంది సుమిత్ర. తర్వాత పెట్టిందిలెండి.

ఇదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. డ్రమ్ము నిజం, ఆవగింజలు నిజం, పాయింట్ ఆరు ఎనిమిది కూడా నిజమే. టైరు పక్కన పడుకున్న ఆ కుక్కపిల్ల ఒక్కటే నేను కల్పించి కథలో పెట్టింది. మొదట్లో చీమ తలకాయంత అబద్ధం ఉండదని అన్నాను కదా, దానికిప్పుడూ కట్టుబడే ఉన్నాను. తలకాయ ఒక్కటే కాదు, మొత్తం చీమే అబద్ధం.