ఎల్బో మీద శరత్

ఆ ఆదివారం నరసింగరావు చెయ్యవలసిన పని ఒక్కటే. ఎండలు ముదరకముందే రెండు కూలర్లూ కడిగి కొత్త గడ్డి కట్టాలి. ఆ మాట భార్య సీతాలక్ష్మి వారంగా చెబుతూనే ఉంది, ఆయన సరేనంటూనే ఉన్నాడు. కాఫీ తాగి లేచేసరికి కూతురు శ్రీవిద్య పుస్తకం చంకన పెట్టుకుని గేటు తీస్తూ కనిపించింది.

"ఎక్కడికమ్మా పొద్దున్నే?"

"శరత్ అంకుల్ దగ్గరికి నాన్నా. మొమెంటమ్ ఈక్వేషన్ బిల్కుల్ ఎక్కటం లేదు. పైపు వంపు దగ్గర నీరు ఎంత బలంగా తోస్తుందో లెక్క. అంకుల్ బాగా సమ్‌ఝాయిస్తారు."

నరసింగరావు కడుపు భగ్గుమంది. మండదా మరి? భిలాయి ఉక్కు కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళుగా నీటి పైపులు వేయిస్తున్నవాడు తను. పక్క క్వార్టర్ శరత్ సివిల్ విభాగం, సిమెంటూ ఇసకా కలిపించుకునే మనిషి. అలాంటివాడి దగ్గరికి తన పిల్ల నీళ్ళ లెక్క నేర్చుకోవడానికి పోతోంది. పదో తరగతి దాటాక ఆ పిల్ల తనని ఒక్క సందేహం అడిగిన పాపాన పోలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు గాని, తన ఇంట్లో కూర ఉందన్న సంగతే పిల్లకి తెలియకపోతే ఎలా? పైగా ఆ శరత్‌కి జుట్టింకా నల్లగానే ఉంది. అదొకటి.

"కాంక్రీటు పోసుకునేవాడికి నీళ్ళ సంగతి ఏటి తెలుసమ్మా? నేను చెప్తాను, కూకో. కాగితం మీద కాదు, కళ్ళకి కట్టినట్టు చూపిస్తాను. మీ అంకుల్ ఆయన వరండాలోంచి చూసుకున్నా నాకేటీ అభ్యంతరం లేదు."

స్కూటరు మీద క్యాంప్ 1 బజారుకెళ్ళి, టెంట్ హౌస్ రాజాబాబు దగ్గర నీళ్ళు తోడే పెద్ద పంపు తెచ్చాడు. దాన్ని నేల ట్యాంకులోకి దింపి, వైరు కిటికీలోంచి వంటింటి స్విచ్చికి తగిలించాడు. పెరట్లో గొట్టం పరిచి, దాని చివర ఎల్బో అనే వంపు ముక్క, ఎల్బో మూతికి సన్నపాటి గొట్టం బిగించాడు. ఎల్బోకి తాడు, తాడుకి సామాను తూచే స్ప్రింగు కాటా, కాటా కొక్కెం జామచెట్టుకి. కూలర్లు కడగడానికి పంపే తెచ్చిన మొగుణ్ణి చూసి సీతాలక్ష్మి మురిసిపోయి, ఉప్మాలో జీడిపప్పు వేసింది.

"చూడమ్మా. నీరు తిన్నగా వచ్చి ఇక్కడ జామచెట్టు వైపు తిరుగుతుంది. తిరగాలంటే దాన్ని ఎవరో తొయ్యాలి కదా. పైపు నీటిని తోస్తే నీరు పైపుని వెనక్కి తోస్తుంది. ఆ తోపు ఎంతో కాటా చెప్పేస్తుంది."

శ్రీవిద్య కళ్ళప్పగించి వింటోంది. ఆ చూపు కోసం ఆయన ఎన్నేళ్ళనుంచి మొహం వాచి ఉన్నాడో ఆయనకే తెలుసు.

అయితే ఒక చిక్కుంది. కార్ఖానాలో ప్రతి పైపు వంపు వెనకా ఆ తోపుకి అడ్డంగా కాంక్రీటు దిమ్మ ఉంటుంది. దిమ్మ పొయ్యడం సివిల్ వారి పని. నరసింగరావు ముప్ఫై ఏళ్ళూ డ్రాయింగు మీద 'ఇక్కడ సివిల్ వారు' అని రాసి ఇంటికొచ్చేసినవాడే. ఇవాళ కూడా అలవాటు ప్రకారం ఎల్బో వెనక జాగా సివిల్ వారికి వదిలేసి, వంటింట్లోకెళ్ళి స్విచ్చి వేసి వచ్చాడు.

కాటా ముల్లు కదిలింది గాని చదివే వ్యవధి ఇవ్వలేదు. కొక్కెం ఊడింది. ఎల్బో శరత్ గోడ వైపు ఒక్క గెంతు గెంతి, గొట్టాన్ని ఈడ్చుకుంటూ పెరడంతా గిరగిరా తిరిగింది. నీళ్ళు వంటింట్లోకి కొట్టేసరికి సీతాలక్ష్మి తలుపేసి గడియ పెట్టుకుంది.

"తలుపు తియ్యి," అని బాదాడు నరసింగరావు.

"ముందు ఆ నీళ్ళాపండి, అప్పుడు తీస్తాను."

"ఆపడానికే తియ్యమంటున్నాను. స్విచ్చి లోపలుంది."

"నీళ్ళు ఆగనిదే గడియ తియ్యను. కూలర్లు కడగమంటే ఇల్లు కడుగుతారేటండీ?"

ఈలోగా ధార గోడ దాటి, శరత్ భార్య రజనీకుమారి మంచం మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాల్ని తుడిచిపెట్టి, వరండాలో పేపరు చదువుకుంటున్న శరత్‌ని పేపరుతో సహా తడిపింది.

"నిన్న మన వడియాల వైపు చూశాడు, అప్పుడే అనుకున్నాను," అంది రజనీకుమారి వీధికంతా వినబడేలా. "కళ్ళు కుట్టి నీళ్ళు కొట్టిస్తున్నాడు."

కళ్ళు కుట్టిన మాట నిజమే గాని, వడియాల మీద కాదు. ఆ సంగతి విప్పి చెప్పేలోగా నరసింగరావు ఫోను మోగింది. ఈ ఆదివారం కాలనీ నీళ్ళ ఫిర్యాదుల డ్యూటీ ఆయనదే, చేసింది ఆఫీసు కుర్రాడు.

"సార్, మెయిన్ పైపు ఫట్ గయా అంటున్నారు సార్. రోడ్డంతా నీళ్ళట. మీ ఇంటి పక్కనేనట, జర దేఖ్ లీజియే."

"దేఖ్ రహా హూఁ," అన్నాడు నరసింగరావు. చూస్తూనే ఉన్నాడు మరి.

అప్పుడు శరత్ లుంగీ ఎగ్గట్టి, గోడ దూకి, రెండు చేతులా ఎల్బోని ఒడిసిపట్టి, మూతి జామచెట్టు వైపు తిప్పి దాని మీద కూర్చున్నాడు.

"విద్యా, ఇలా రామ్మా," అన్నాడు ముక్కులోంచి నీళ్ళు చీదుతూ. "నీరు చెట్టు వైపు పోతోంది. నన్నేమో మా గోడ వైపు తోస్తోంది. నీ లెక్కలో మైనస్ వస్తే భయపడ్డావు చూడు, అదిదే."

నరసింగరావుకి ఏడుపొచ్చింది. పంపు తను తెచ్చాడు, ట్యాంకు తనది, తిట్లు తను తింటున్నాడు, పాఠం మాత్రం మళ్ళీ వాడే చెబుతున్నాడు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా శరత్ అలా ఎల్బో మీద కూర్చునే ఉన్నాడు. గొట్టం నీరసించాక శ్రీవిద్య తండ్రి దగ్గరికొచ్చి ఆయన తడి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, అంకుల్ నెలరోజులు బోర్డు మీద చెప్పినా ఎక్కలేదు. ఇవాళ నువ్వు చూపించాక సబ్ సమఝ్‌మే ఆ గయా. రేపట్నుంచి నీ దగ్గరే చదువుకుంటాను."

శరత్ మొహం మాడిపోవడం నరసింగరావు రెండు కళ్ళారా చూశాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అంత చల్లని ఉదయం ఆయనెరగడు.

"మరి నాన్నా," అంది శ్రీవిద్య పుస్తకం తెరిచి, "ఇదే వంపు పైకి తిరిగితే లోపలి నీటి బరువు కూడా కలపాలా? ప్లస్సా, మైనస్సా?"

ఆయన పుస్తకంలోకి తొంగిచూశాడు. పైకి తిరిగిన వంపులు ఎన్నో వేయించాడు. ప్రతిదాని దగ్గరా 'ఇక్కడ సివిల్ వారు' అని రాసే వచ్చాడు.

"స్నానం చేసొచ్చి చెప్తానమ్మా. ట్యాంకులో నీళ్ళు లేవు కదా, తెచ్చుకుంటాను," అని బకెట్టు పట్టుకుని పెరటి దారిన పక్క క్వార్టర్‌కి నడిచాడు.

లుంగీ పిండుకుంటున్న శరత్ తలెత్తి చూశాడు. బకెట్టు కేసి చూశాడు. నరసింగరావు మొహం కేసి ఇంకాస్త సేపు చూశాడు.

"నీటి బరువు ఎటు కలుపుతారండీ?" అని అడిగాడు నరసింగరావు, గోడవతలికి వినబడకుండా.

"కూర్చోండి," అన్నాడు శరత్, సుద్దముక్క వెతుక్కుంటూ. "బొమ్మ దగ్గర్నుంచి మొదలెడదాం."

శరత్ ఇంట్లో ట్యూషన్ ఆ తర్వాత కూడా ఆగలేదు, విద్యార్థి మారాడంతే.